నాలుకకు పులుపు వేరు, కిడ్నీకి పులుపు వేరు: నీళ్ళతో, కంచంతో ఒంట్లో ఆమ్లాన్ని సరిచూసుకోవడం ఎలా?

నిమ్మచెక్క నాలుకకు తగిలితే పళ్ళు జివ్వుమంటాయి. కోడికూర ముక్కలో పులుపన్నదే ఉండదు. కిడ్నీల దాకా వెళ్ళేసరికి ఈ లెక్క తలకిందులవుతుంది. నిమ్మలోని సిట్రిక్ ఆమ్లాన్ని ఒళ్ళు బొగ్గుపులుసు వాయువుగా, నీళ్ళుగా మార్చేసుకుంటుంది. దాంతోపాటు వచ్చిన పొటాషియం సిట్రేట్ బైకార్బనేట్‌గా మారి క్షారాన్ని మిగులుస్తుంది. మాంసం, చేప, గుడ్డు ప్రొటీన్లలో ఉండే గంధకం మాత్రం సల్ఫ్యూరిక్ ఆమ్లమై తేలుతుంది. ఊపిరితో బయటికి పోయే సరుకు కాదది. కిడ్నీలే దాన్ని మూత్రంలో సాగనంపాలి.

మామూలు మిశ్రమాహారం తినే పెద్దవాళ్ళలో ఇలా పోగయ్యే ఆమ్లం, ఒంటి బరువులో కిలోకు రోజుకు సుమారు 1 మిల్లీ ఈక్వివలెంట్ (ఆమ్లాన్నీ క్షారాన్నీ కొలిచే కొలమానం). అరవై కిలోల మనిషికి 60 అన్నమాట. ఇంత ఆమ్లం రోజూ పుడుతున్నా రక్తం పీహెచ్ (ఈ అంకె తగ్గేకొద్దీ పులుపు, పెరిగేకొద్దీ క్షారం) 7.35 నుంచి 7.45 మధ్యనే ఉంటుంది. ఊపిరితిత్తులు, కిడ్నీలు బాగున్నంతకాలం తిండితో దాన్ని కదిలించలేరు, కదిలించాల్సిన పనీ లేదు. తిండి ప్రభావం తేలిగ్గా కనపడేది మూత్రంలో. దాని పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఊగుతుంది. కిడ్నీలో రాయి పుట్టేదీ ఆ మూత్రంలోనే. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా మూత్రం పులుపు గురించే.

ఇంకొక మాట ముందే. మనం రోజూ ‘ఎసిడిటీ’ అనే పులితేన్పులు, గుండెలో మంట జీర్ణాశయం గొడవ. దానికీ దీనికీ ముడిపెట్టకండి. మూత్రానికి మేలు చేసే నిమ్మరసమే కొందరికి గుండెలో మంట పెంచుతుంది.

రాయితో లెక్క ఇలా ఉంటుంది. యూరిక్ ఆమ్లం పీహెచ్ 5 దగ్గర లీటరు మూత్రంలో సుమారు 150 మిల్లీగ్రాములే కరుగుతుంది. పీహెచ్ 7 దగ్గర దాదాపు పది రెట్లు కరుగుతుంది. మనిషి రోజుకు 600, 700 మిల్లీగ్రాముల యూరిక్ ఆమ్లం విసర్జిస్తాడు. లీటరు మూత్రమే పోసి, అదీ పీహెచ్ 5 దగ్గర ఉంటే, మిగిలినదంతా ఎక్కడికి పోతుంది? స్ఫటికాలు కడుతుంది. మధుమేహం ఉన్నవాళ్ళలో, పొట్ట పెరిగినవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు కిడ్నీలు అమోనియా తక్కువగా తయారుచేస్తాయి. ఆమ్లాన్ని మోసుకుపోయే అమోనియా తగ్గితే మూత్రం పులిసిపోతుంది. ఎక్కువమందికి వచ్చే కాల్షియం ఆక్సలేట్ రాళ్ళలోనూ ఆమ్లానికి పాత్ర ఉంది. ఆమ్లభారం పెరిగినప్పుడు మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా దిగుతుంది, రాయి కట్టకుండా అడ్డుపడే సిట్రేట్ తగ్గిపోతుంది.

మొదలుపెట్టకముందు: ఇది ఎవరికి కాదు

క్రియాటినిన్ (కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే వ్యర్థం) ఎక్కువగా ఉన్నవాళ్ళు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్ళు, గుండె బలహీనపడి కాళ్ళకు నీరు పడుతున్నవాళ్ళు కింద చెప్పే నీళ్ళ కొలతలు, కొబ్బరినీళ్ళు, పండ్ల లెక్కలు సొంతంగా పాటించకూడదు. జబ్బు చేసిన కిడ్నీ పొటాషియాన్ని బయటికి తోయలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ముందస్తు హెచ్చరిక కూడా ఉండకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి చెప్పనక్కర్లేదు. కొబ్బరితోటల నడుమ బతికేవాళ్ళను బోండాం ముట్టుకోవద్దనడం బాధగానే ఉంటుంది. అయినా క్రియాటినిన్ పెరిగినవాళ్ళకు ఆ మాట చెప్పక తప్పదు. అలాంటివాళ్ళ ఆమ్లాన్ని డాక్టర్లు రక్తంలో బైకార్బనేట్ పరీక్షతో చూస్తారు. అది తగ్గితే అవసరాన్నిబట్టి మందు రాస్తారు.

బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటివి, లేదా స్పైరనోలాక్టోన్ వాడేవాళ్ళ విషయంలోనూ జాగ్రత్త ఉండాలి. ఈ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే నిలబెడతాయి. క్రియాటినిన్, పొటాషియం పరీక్ష ఒకసారి చేయించుకుని, డాక్టర్‌ని అడిగాకే పండ్లూ కొబ్బరినీళ్ళూ పెంచండి.

మొదటి పని: ఒక రోజు మూత్రాన్ని కొలవండి

ఎంత తాగారన్నది అంత ముఖ్యం కాదు. ఎంత బయటికి వచ్చిందో చూడాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో పనిచేసే మనిషి నాలుగు లీటర్లు తాగినా చెమటకే చాలావరకు పోతుంది. ఏసీ గదిలో కూర్చునేవారికి రెండున్నర లీటర్లే సరిపోవచ్చు.

ఆదివారం చూసుకోండి. లేవగానే పోసే మొదటి మూత్రం వదిలేసి టైము రాసుకోండి. ఆ తర్వాత ప్రతిసారీ కొలతగీతలున్న మగ్గులో పోసి అంకె రాసుకుని పారబోయండి. మర్నాడు అదే టైముకు పోసే మొదటి మూత్రం కూడా లెక్కలో చేర్చండి. మొత్తం కూడితే ఒక రోజు లెక్క తేలుతుంది. రాళ్ళు వచ్చినవాళ్ళకు అది కనీసం 2,500 మిల్లీలీటర్లు ఉండాలి. రాళ్ళు రానివాళ్ళకు 2,000 ఉంటే బాగు. 1,200 వచ్చిందంటే కంచం సంగతి పక్కనపెట్టి ముందు నీళ్ళు సరిచేసుకోండి. నీళ్ళు చాలనప్పుడు ఏ ఆహారనియమమూ అక్కరకు రాదు.

రంగు చూసి అంచనా వేయొచ్చు గానీ మోసపోయే చోట్లున్నాయి. లేత నిమ్మపండు రంగు మంచిది, ఆవనూనె రంగు మంచిది కాదు. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు ఎన్ని నీళ్ళు తాగినా ముదురు పసుపే వస్తుంది. బీట్‌రూట్ తిన్న రోజు ఎర్రగా రావచ్చు.

రెండో పని: మూడు రోజులు స్ట్రిప్‌తో చూడండి

మందుల షాపులో మూత్ర పరీక్ష స్ట్రిప్‌లు దొరుకుతాయి. పీహెచ్ ఒక్కటే చూపేవి దొరికితే అవే తీసుకోండి. ప్రొటీన్, గ్లూకోజ్ అన్నీ చూపే పది గళ్ళ స్ట్రిప్‌లో ఒక చిక్కుంది. పీహెచ్ గడి పక్కనే ఉండే ప్రొటీన్ గడిలో ఆమ్లం పూసి ఉంటుంది. స్ట్రిప్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ తడి పీహెచ్ గడిలోకి కారి, లేని పులుపు చూపిస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గ్లాసులో మధ్యధార పట్టండి. సబ్బు జిడ్డు ఉన్న గ్లాసైతే క్షారం చూపిస్తుంది. స్ట్రిప్‌ను ఒక్క సెకను ముంచి తీసి, దాని అంచును గ్లాసు అంచుకు ఆనించి లాగండి, ఎక్కువైన తడి దిగిపోతుంది. ఇక నేలకు అడ్డంగా పట్టుకుని, డబ్బా మీద ఎన్ని సెకన్లని ఉంటే అన్నే లెక్కపెట్టండి. చాలావాటికి 60. తర్వాత రంగు ఇంకా మారుతుంది, ఆ మారిన రంగు చూడకూడదు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర డబ్బా మీది రంగులతో పోల్చండి. నారింజ రంగు 5 దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చ 6, 6.5 దగ్గర, చిక్కటి ఆకుపచ్చ 7, నీలం 8 దగ్గర ఉంటాయి. పసుపు బల్బు కింద 6 ఏదో 6.5 ఏదో తేలదు.

మూత్రం పోసిన వెంటనే చూడాలి. గంటల తరబడి నిల్వ ఉంటే బ్యాక్టీరియా యూరియాను అమోనియాగా విరగ్గొడుతుంది, పీహెచ్ దానంతటదే పైకి పోతుంది. పొద్దున పట్టి సాయంత్రం ల్యాబ్‌కిచ్చిన నమూనాలో 8 వచ్చిందని కంగారుపడేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. స్ట్రిప్‌ల డబ్బా బాత్‌రూమ్‌లో పెట్టకండి, తేమకు పాడైపోతాయి. తీసిన వెంటనే మూత బిగించండి.

రోజుకు నాలుగు సార్లు చూడండి: లేవగానే, మధ్యాహ్న భోజనానికి ముందు, భోజనమైన రెండు గంటలకు, పడుకునే ముందు. పక్కనే ఆ పూట ఏం తిన్నారో రెండు ముక్కల్లో రాయండి. తెల్లవారుజామున పులుపు ఎక్కువగా ఉండటం సహజం. భోజనం తర్వాత కడుపు ఆమ్లం తయారుచేసుకునేటప్పుడు రక్తంలోకి క్షారం విడుదలవుతుంది కాబట్టి అప్పుడు మూత్రం పీహెచ్ కాస్త పెరుగుతుంది. అంటే ఒక్క అంకె చూసి ఏదీ తేల్చకూడదు.

మూడు రోజుల్లో పన్నెండు అంకెలు వస్తాయి. వాటిలో ఎక్కువ 5.5, అంతకంటే తక్కువ ఉంటే ఇక్కడ చెప్పేదంతా మీకోసమే. పొద్దున 5.5 ఉండి మిగతా రోజంతా 6, 6.5 మధ్య ఉంటే మీ కంచం బాగానే ఉంది, రాత్రి నీళ్ళు సరిచేసుకుంటే చాలు. ఎప్పుడు చూసినా 7 పైనే ఉంటే ఆగండి. నిమ్మరసం మొదలుపెట్టకండి, డాక్టర్‌ని కలవండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, కిడ్నీ నాళికలు ఆమ్లాన్ని వదలలేకపోతున్నా అలా వస్తుంది. 7 పైన కాల్షియం ఫాస్ఫేట్ రాళ్ళు కడతాయి. క్షారం ఎంత పెంచితే అంత మంచిదన్న ప్రచారం ఇక్కడే దెబ్బ తీస్తుంది. మనకు కావలసింది 6 నుంచి 6.5 దాకా ఉండే సన్నటి సందు.

మూడో పని: నీళ్ళను రోజంతా పరచండి

పొద్దున్నే లీటరున్నర గటగటా తాగి పని అయిపోయిందనుకునేవాళ్ళున్నారు. రెండు మూడు గంటల్లో అదంతా బయటికి పోతుంది. మిగతా ఇరవై గంటలూ మూత్రం చిక్కగానే ఉంటుంది. చిక్కటి గంటల్లోనే స్ఫటికం మొదలవుతుంది.

నీడపట్టున పనిచేసే పెద్దవాళ్ళకు ఈ కొలత సరిపోతుంది. లేవగానే 400 మిల్లీలీటర్లు. టిఫిన్ నుంచి మధ్యాహ్నం దాకా 800. భోజనంతో 300. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మరో 800. సాయంత్రం 400. రాత్రి భోజనంతో 250, పడుకునే ముందు 250. మొత్తం 3,200. లీటరు సీసా మీద స్కెచ్ పెన్నుతో 10, 12, 2, 4 అని గంటల గీతలు పెట్టుకుంటే ఎక్కడ వెనకబడ్డారో కంటికే తెలుస్తుంది. వారం తర్వాత మళ్ళీ మగ్గుతో కొలవండి. 2,500 రాకపోతే సాయంత్రం వాటా పెంచండి.

ఎండలో పనిచేసేవాళ్ళు గంటకు గంటకూ తాగాలి. ఉపాధి పని, ఇటుక బట్టీ, ఆటో, కల్లం, ఏదైనా సరే. కానీ గంటకు లీటరు మించకండి. కిడ్నీలు గంటకు దాదాపు అంతే వదలగలవు. చెమటలో ఉప్పు పోయి, ఒట్టి నీళ్ళే మీద మీద తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, మగత వస్తాయి. ఒక వంతు పెరుగుకు నాలుగు వంతుల నీళ్ళు పోసి చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ ఈ పూటకు చక్కగా సరిపోతుంది.

మరుగుదొడ్డి దొరకదని తాగడమే మానేసే ఆడవాళ్ళ సంగతి వేరే చెప్పాలి. బట్టల షాపుల్లో నిలబడేవాళ్ళు, కండక్టర్లు, బడిపిల్లలు పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అరలీటరుతో గడిపేస్తారు. వాళ్ళ తప్పు ఏమీ లేదు అందులో. పరిస్థితి మారేదాకా చేయగలిగింది ఒకటుంది: ఇంటి నుంచి బయల్దేరడానికి గంటన్నర ముందు అరలీటరు తాగి, మూత్రం పోసి బయల్దేరడం, ఇంటికి రాగానే మరో అరలీటరు, పడుకునే లోపు ఇంకో ముప్పావు లీటరు. మధ్యలో ఒక్కసారి వెళ్ళే వీలున్నా దానికి గంట ముందు ఒక గ్లాసు.

రాత్రి లేచినప్పుడు మళ్ళీ ఒక అరగ్లాసు తాగడం రాళ్ళు వచ్చినవాళ్ళకు మంచి అలవాటు. ప్రొస్టేట్ ఇబ్బందితో నాలుగైదు సార్లు లేచే పెద్దాయనకు మాత్రం ఇది చెప్పకండి. ఆయన వాటా సాయంత్రం ఆరు లోపు పూర్తిచేయించండి.

రోజా ఉండేవాళ్ళకు పగలు ఎలాగూ కుదరదు. ఇఫ్తార్ నుంచి సహర్ దాకా రెండున్నర లీటర్లను గంటకు ఒక గ్లాసు చొప్పున పరచండి, సహర్‌లో ఒకేసారి తాగడం పనికిరాదు. నీళ్ళు కూడా తాగకుండా ఏకాదశి ఉపవాసం ఉంటే ఒళ్ళు కొవ్వును కరిగించి కీటోన్ ఆమ్లాలు వదులుతుంది, పైగా మూత్రం చిక్కబడుతుంది. రాళ్ళ చరిత్ర ఉన్నవాళ్ళు నీళ్ళూ పండ్లూ ఉన్న ఉపవాసానికే కట్టుబడాలి.

ఆల్కలైన్ నీళ్ళ యంత్రాల గురించి అడుగుతారు కాబట్టి ఒక చిన్న లెక్క. పీహెచ్ 9 ఉన్న స్వచ్ఛమైన నీళ్ళలో లీటరుకు ఉండే క్షారం 0.01 మిల్లీ ఈక్వివలెంట్. రోజుకు పుట్టే ఆమ్లం 60. ఆ ఆమ్లానికి సరితూగాలంటే 6,000 లీటర్లు తాగాలి. నీటి పీహెచ్ అంకెకు విలువ లేదు, అందులో కరిగిన బైకార్బనేట్‌కు ఉంది. వింతేమిటంటే మన బోరు నీళ్ళలో అది నిజంగానే ఉంటుంది. ల్యాబ్ రిపోర్టులో ఆల్కలినిటీ లీటరుకు 300 మిల్లీగ్రాములని ఉంటే, లీటరుకు 6 మిల్లీ ఈక్వివలెంట్ల క్షారమన్నమాట. అయితే దానికోసం ఆర్‌ఓ మానేయకండి. నల్లగొండ లాంటి చోట్ల అదే బోరులో ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. క్షారం కంచంలోంచి తెచ్చుకోవడమే తేలిక.

నాలుగో పని: కంచం లెక్క

జర్మనీకి చెందిన రెమర్, మాంజ్ అనే శాస్త్రవేత్తలు 1995లో వంద గ్రాముల ఆహారం కిడ్నీ మీద ఎంత ఆమ్లభారం వేస్తుందో లెక్కకట్టారు. ప్రొటీన్, భాస్వరం భారాన్ని పెంచుతాయి. పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం తగ్గిస్తాయి. ఆ పట్టికలో (+ అంటే ఆమ్లభారం, − అంటే క్షారం, అంకెలు మిల్లీ ఈక్వివలెంట్లలో) కోడిమాంసం +8.7, గుడ్డు +8.2, వేరుశెనగ +8.3, తెల్లబియ్యం +4.6, గోధుమపిండి +8.2, పప్పుధాన్యం +3.5, పెరుగు +1.5, పాలు +0.7. అటువైపు టమాటా −3.1, వంకాయ −3.4, క్యాలీఫ్లవర్ −4, బంగాళాదుంప −4, క్యారట్ −4.9, అరటిపండు −5.5, ఎండుద్రాక్ష −21, నిమ్మరసం −2.5. బియ్యం, పిండి అంకెలు వండకముందు బరువుకు.

ఇక ఆదివారం భోజనం వేద్దాం. వంద గ్రాముల బియ్యం అన్నం, నూట యాభై గ్రాముల కోడికూర. 4.6కు 13 కలిపితే దాదాపు +18. దాని పక్కన రెండొందల గ్రాముల వంకాయకూర, ఒక టమాటా, ఒక అరటిపండు పెట్టండి: 6.8, 3.1, 5.5. మొత్తం −15. అంటే కోడికూర మానక్కర్లేదు. పక్కన కూరగాయలే లేకుండా కోడికూర, బిర్యానీ, మళ్ళీ సాయంత్రం ఆమ్లెట్ అని వరసపెట్టి తినడం వల్లే పులుపు పేరుకుంటుంది. మాంసం ఒక పూటకు వంద, నూట యాభై గ్రాములు, వారానికి రెండు మూడు సార్లు, పక్కన మాంసానికి రెట్టింపు కూరగాయ. ఈ ఒక్క కొలత పట్టుకుంటే స్ట్రిప్ మీద అంకె మారడం వారంలో చూస్తారు.

యూరిక్ ఆమ్లం రాయి తేలినవాళ్ళు కార్జం, బోటి, పాయా, నెత్తళ్ళు, ఎండుచేపలు బాగా తగ్గించాలి. బీరు, కూల్‌డ్రింకులూ అంతే. తీపి పానీయాల్లోని ఫ్రక్టోజ్ ఒంట్లో యూరిక్ ఆమ్లాన్ని పెంచుతుంది.

షుగర్ వచ్చిందని అన్నం మాని మూడు పూటలా చపాతీ తినేవాళ్ళకు ఒక మాట. గోధుమపిండి భారం తెల్లబియ్యం కంటే ఎక్కువే. చపాతీ వద్దని కాదు, దాంతో తినే కూర గిన్నె పెద్దదిగా ఉండాలి. ముడిబియ్యం అంకె +12.5 ఉంటుంది గానీ అందులోని భాస్వరం చాలామటుకు ఒంటికి పట్టదు కాబట్టి ఆ అంకెకు బెదరకండి. కీటో పద్ధతిలో బరువు తగ్గేవాళ్ళకు మాత్రం ముప్పు నిజమైనది. కీటోన్లు, మాంసం రెండూ కలిసి మూత్రాన్ని పులియబెడతాయి. రాయి ఒకసారి వచ్చినవాళ్ళు దాని జోలికి పోవద్దు.

ఆకుకూరల దగ్గర అంకెలు గుడ్డిగా నమ్మితే దెబ్బతింటారు. పాలకూర −14, పట్టికలో గొప్ప క్షారం. కానీ అందులో ఆక్సలేట్ దండిగా ఉంటుంది. గోంగూర, తోటకూర, చుక్కకూర కూడా అదే కోవ. కాల్షియం ఆక్సలేట్ రాయి వచ్చినవాళ్ళు పులుపు తగ్గించాలని రోజూ పాలకూర పప్పు తింటే రాయికి మేత వేసినట్టే. పూర్తిగా మానమని ఎవరూ అనడం లేదు. వారానికి ఒకసారి చాలు. ఆకును ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు వంచేస్తే కరిగే ఆక్సలేట్ కొంత పోతుంది. అదే పూట పెరుగన్నం తినండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేసుకుంటుంది, రక్తంలోకి రానివ్వదు. గోంగూర పచ్చడి కోసం ఆకును నూనెలో మగ్గబెడతాం, నీళ్ళు వంచం కాబట్టి అందులో ఆక్సలేట్ అలాగే ఉంటుంది. రాళ్ళకు భయపడి పాలు, పెరుగు మానేయడం మన దగ్గర చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. అలా చేస్తే ఆక్సలేట్‌ను పట్టుకునేవాళ్ళే లేకుండా పోతారు.

రోజువారీ కూరకు సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దోసకాయ, క్యాబేజీ ఏ బెంగా లేనివి. నీళ్ళూ ఉంటాయి, ఆక్సలేట్ తక్కువ.

చింతపండు పులుసంటే చాలామంది బెదురుతారు. పులుసులో అసలు భయపడాల్సింది ఉప్పుకు. పులుపు ఎక్కినకొద్దీ దానికి సరిపడా ఉప్పూ కారమూ దట్టిస్తాం. ఉప్పు ఎక్కువైతే కిడ్నీ సోడియాన్ని వదులుతూ కాల్షియాన్ని కూడా వెంట పంపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలగొట్టిన ఒక చిన్న చెంచా, అన్ని వంటలూ కలిపి. ఆవకాయ ఇష్టమైతే ముక్క కాకుండా ఊట వేసుకునే అలవాటు తగ్గించండి. ఆ పూట అప్పడం, వడియం రెండూ వద్దు.

ఐదో పని: నిమ్మ, బత్తాయి, కొబ్బరినీళ్ళు

మూత్రంలో సిట్రేట్ పెంచడానికి రోజుకు 60 నుంచి 120 మిల్లీలీటర్ల నిమ్మరసం కావాలి. మన చిన్న నిమ్మకాయ ఒక్కోటి 15, 20 మిల్లీలీటర్లు ఇస్తుంది. అంటే నాలుగు కాయలతో మొదలుపెట్టండి: పొద్దున రెండు, సాయంత్రం రెండు, ఒక్కోసారి 700, 800 మిల్లీలీటర్ల నీళ్ళలో. గ్లాసులో నాలుగు చుక్కలు పిండితే రుచి వస్తుంది గానీ పని జరగదు. పంచదార వద్దు, ఉప్పు వద్దు. సోడాబండి దగ్గర ఉప్పు, చక్కెర కలిపిన నిమ్మసోడా ఈ లెక్కలోకి రాదు. నిమ్మ సిట్రేట్‌ను పెంచుతుంది గానీ పీహెచ్‌ను కదిలించేది కొద్దిగానే. పీహెచ్ కూడా కదలాలంటే పొటాషియం ఎక్కువున్న నారింజ, బత్తాయి జాతి మెరుగు. రోజుకు ఒకటి రెండు కాయలు, రసం తీయకుండా తొనలుగానే. షుగర్ ఉన్నవాళ్ళు ఒకటితో ఆపాలి.

పంటి ఎనామెల్‌కు మాత్రం పులుపు పులుపే. సిప్పు సిప్పుగా గంటల తరబడి చప్పరించకుండా ఒక్కో గ్లాసు ఒక్కసారే తాగేసి, నోరు నీళ్ళతో పుక్కిలించండి. అరగంట దాకా బ్రష్ పెట్టకండి.

కొబ్బరినీళ్ళలో వంద మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగున్నవాళ్ళకు రోజుకు ఒక బోండాం మంచిది. మిగతావాళ్ళు ముందు చెప్పిన హెచ్చరిక మళ్ళీ చదువుకోండి. బార్లీ నీళ్ళతో కలిగే మేలు ప్రధానంగా అందులోని నీళ్ళదే. ఉలవచారు, కొండపిండాకు రాళ్ళు కరిగిస్తాయన్న నమ్మకంతో రాసిచ్చిన మందు మానకండి.

చేయకూడని పనులు

వంటసోడా. చిన్న చెంచాడు సోడాలో దాదాపు 1,200 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పీహెచ్ వెంటనే పెరుగుతుంది, నిజమే. దాంతోపాటు బీపీ పెరుగుతుంది, మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. రోజూ తాగితే రక్తమే క్షారం వైపు జరిగి కండరాలు పట్టేస్తాయి. పొంగే ఫ్రూట్ సాల్ట్ పొట్లాలూ ఇదే బాపతు.

పొటాషియం సిట్రేట్ సిరప్ డాక్టర్ రాస్తేనే వాడాలి. పక్కింటివాళ్ళకు పనిచేసిందని తెచ్చుకునే మందు కాదు. వాడుతున్నవాళ్ళు స్ట్రిప్‌తో చూసుకోవచ్చు, 7 దాటుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. అసలు యూరిక్ ఆమ్లం రాళ్ళను శస్త్రచికిత్స లేకుండా మందుతో కరిగించడం చాలాసార్లు సాధ్యమే. అందుకే రాయి పడితే పారేయకండి. నొప్పి వచ్చిన రోజుల్లో మూత్రాన్ని టీ వడపోత గంటెలో వడకట్టి, దొరికిన రాయిని చిన్న సీసాలో వేసి పరీక్షకివ్వండి. అది ఏ రాయో తెలియకుండా కట్టే పథ్యం సగం ఊహే.

విటమిన్ సి మాత్రలు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు మింగితే ఒంట్లో అందులో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. రాళ్ళ చరిత్ర ఉంటే మానేయండి.

విరేచనాలు పట్టుకున్న రోజు

ఆమ్లం లెక్క నిజంగా రక్తందాకా వెళ్ళేది ఇలాంటప్పుడే. నీళ్ళ విరేచనాల్లో బైకార్బనేట్ కొట్టుకుపోతుంది. ఓఆర్ఎస్ పొట్లంలో ఉప్పూ గ్లూకోజ్‌తోపాటు ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు పెట్టింది అందుకే. లీటరు పొట్లాన్ని మొత్తం లీటరు నీళ్ళలో ఒకేసారి కలపండి. సగం పొట్లం గ్లాసులో కలిపితే చిక్కదనానికి విరేచనాలు ఎక్కువవుతాయి. 200 మిల్లీలీటర్ల పొట్లాలూ వస్తాయి, కొలత చదివి కలపండి. పొట్లం దొరకని పూట లీటరు నీళ్ళకు తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వొచ్చు. ఇందులో సిట్రేట్ ఉండదు కాబట్టి పొట్లం దొరకగానే దానికి మారండి. పేరులో ఓఆర్ఎస్ అని పెట్టుకున్న తీపి పానీయాల డబ్బాలు దీనికి బదులు కావు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడొద్దని ఆదేశించింది.

షుగర్ ఉన్నవాళ్ళకు వాంతులతోపాటు లోతైన ఆయాసపు ఊపిరి, నోటిలో పండిన పండు వాసన వస్తే అది కీటో ఆమ్లాలు పేరుకున్న గుర్తు. నిమ్మనీళ్ళు ఇస్తూ కూర్చోకండి, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నడుంనొప్పితో చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా అంతే. రాయి అడ్డుపడి పైన చీము పడితే గంటలే మిగులుతాయి.

రెండు వారాల తర్వాత

మళ్ళీ మగ్గు, మళ్ళీ స్ట్రిప్, అవే నాలుగు వేళలు. మూత్రం 2,500 దాటి, పొద్దునపూట అంకె కూడా 6కు చేరితే ఇక రోజూ కొలవక్కర్లేదు. నెలకు ఒక రోజు చాలు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా వారానికి ఒక రోజు. నీళ్ళు కుదిరి, కంచం మారినా పొద్దుటి అంకె 5.5 దాటకపోతే ఆ చీటీ పట్టుకుని యూరాలజీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. 24 గంటల మూత్ర పరీక్షలో కాల్షియం, ఆక్సలేట్, సిట్రేట్, యూరిక్ ఆమ్లం, సోడియం అన్నీ చూపించమని అడగండి. ఆ పరీక్ష రోజున పథ్యం పాటించకుండా మామూలుగా తినేదే తినండి, లేకపోతే మీ అసలు అలవాటు రిపోర్టులో కనపడదు.